ఎర్ర నూనె

“డబ్బా దించు పెద్దమ్మా,” అన్నాడు సిపాయి, ఫ్రీటౌన్ రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు వదలకుండా.

ఫిండా నెత్తిమీది పామాయిల్ డబ్బా దించింది. కోనో గనుల వైపు నుంచి వచ్చే ప్రతి మనిషీ ఒంటిమీద ఎక్కడో వజ్రం దాచుకునే ఉంటాడని ఆ చెక్‌పోస్టు సిపాయిల అనుమానం. ఈసారి అది నిజమే. ఆ రాయి ఆమె కొడుకు టాంబా తవ్వి తీసింది, చివరికి వాడి మెడకే చుట్టుకుంది. పొద్దు గుంకేలోగా రాయి అందకపోతే వాణ్ణి ప్రాణాలతో వదలమని అడవిలోని తిరుగుబాటుదార్లు కబురంపారు.

“ఎక్కడికి?”

“కూతురింటికి. నూనె ఇచ్చొద్దామని.”

“ఇంత నూనా? దాంతో స్నానం చేయిస్తావా ఏంటి?”

సిపాయి చొక్కా చేతులైనా మడవకుండా డబ్బాలో చెయ్యి ముంచి అడుగంతా కెలికాడు. ఏమీ తగల్లేదు. తలగుడ్డ విప్పించాడు. జడలు విప్పించాడు. చివరికి నడుముగుడ్డ కొసన మూట కనబడింది.

“అదేంటి?”

“కోలా గింజలు నాయనా. నములుతూ నడిస్తే ఆకలి తెలీదు.”

కోలా బయటికి తీశాక ఎదుటివాడికి పెట్టకపోతే మర్యాద కాదు, పైగా అనుమానం. ఫిండా మూట విప్పి చాపింది. వాడి వేళ్లు అన్నిటికన్నా పెద్ద గింజ మీదికి వెళ్లాయి, ఆగాయి, పక్కదాన్ని తీసుకున్నాయి. పోయిన ప్రాణం తిరిగొచ్చింది ఆమెకు.

వాడు నములుతూ గొంతు తగ్గించాడు. “నీ కళ్లలో భయం దాగట్లేదు పెద్దమ్మా. మీవాళ్లనెవరినైనా పట్టుకుపోయారా? రాయి తెమ్మన్నారా? ఇచ్చావనుకో, దాంతో తుపాకులు కొంటారు. అవి పట్టుకుని మళ్లీ మన ఊళ్లమీదే పడతారు. నాకు చెప్పు, నేను చూసుకుంటా.”

టాంబా ఈడువాడే. చెప్పేద్దామని మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ రోజుల్లో ఎవర్ని నమ్మాలి?

“ఎండ తప్ప నాకింకే భయమూ లేదు నాయనా,” అని డబ్బా నెత్తికెత్తుకుంది.

పొద్దు వాలుతుండగా వాగు దాటి, వాళ్లు చెప్పిన చోటికి చేరింది. తుపాకులతో నలుగురైదుగురున్నారు. ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడొకడు ముందుకొచ్చి, మాట్లాడకుండా చెయ్యి చాపాడు. చొక్కా చెయ్యి మోచేతిదాకా ఎర్రగా ఉంది.

“నా బిడ్డేడీ?”

“ముందు రాయి,” అన్నాడు పక్కవాడు.

పెద్ద గింజను రెండు బద్దలు చేసింది. మధ్యలో రాయి. పక్కవాడు దాన్ని లాక్కుని వెలుగుకు పట్టి చూశాడు. “సరిహద్దు అవతల్నుంచి రెండు పెట్టెల తూటాలొస్తాయి దీనికి.” ఆ తూటాలు ఏ తల్లి బిడ్డలకు తగులుతాయో అనుకుంది ఫిండా.

పొదల్లోంచి టాంబాను ముందుకు తోశారు. ఆమె వాడి ఒళ్లంతా తడిమి చూసింది. ఎక్కడా చిన్న గాయం లేదు.

“మరి ఆ రక్తం ఎవరిది?” అంది, ముసుగువాడి చేతికేసి చూస్తూ.

ముసుగు వెనక నవ్వు వినబడింది. “రక్తం కాదు పెద్దమ్మా, నీ నూనే. ఎంత రుద్దినా పోలేదు. పొద్దున అడిగినప్పుడే నాకు చెప్పుంటే, నీకింత నడక తప్పేదిగా.”