జంట చుక్కల పాఠం

“ఆగొద్దు, తిరగండే!” అని ఎలీసమ్మ అరిచేలోగానే చుక్కలు రెండూ దబ్బున కూలబడ్డాయి. ఏడో తరగతి ఆడపిల్లలు, మెడలో దూది సంచితో ఎంతసేపని గిరగిరా తిరుగుతారు?

ఎలీసమ్మ ఉసూరుమంది. వినుకొండ రోడ్డు పక్కనున్న ఆ బడికి సైన్సు టీచరుగా వచ్చాక ఇంత హుషారైన పాఠం ఇదే. ఆకాశంలో కొన్ని చుక్కలు జంటగా ఉంటాయి. ఒకదాన్నొకటి చుట్టి తిరుగుతూనే ఒకటి రెండోదాని ఒంట్లో సరుకు లాక్కుంటుంది. అలా లాక్కుని లాక్కుని, ఇక మొయ్యలేక ఒకనాడు భళ్ళున పేలిపోవచ్చని శాస్త్రజ్ఞుల ఊహ. అది పిల్లల కళ్ళకి కట్టించాలని ఆవిడ తాపత్రయం.

వినుకొండ పోయే బస్సొకటి చెడిపోయి గోడ అవతల ఆగి ఉంది. ప్రయాణికులు గోడ మీంచి తమాషా చూస్తున్నారు. వాళ్ళలో దిట్టమైన ఒక మగమనిషి, పక్కనే ఒక ఆడమనిషి.

“మీరిద్దరూ ఆలుమగలేగా? కాస్త సాయం రండి!” అని ఎలీసమ్మ వాళ్ళని కేకేసింది.

అతను దిక్కులు చూశాడు. ఆమె “ఊఁ” అంది. పేర్లడిగితే పేరయ్య, కోటమ్మ అని ఎవరిది వాళ్ళు చెప్పారు.

ఎలీసమ్మ పేరయ్య మెడకి దూది సంచి తగిలించింది. కోటమ్మ పత్తి తీసేటప్పటిలా చీరకి ఒడి కట్టింది.

“ఇప్పుడు చేతులు పట్టుకోండి.”

“ఇంతమందిలోనా!” కోటమ్మ మొహం తిప్పుకుంది.

సిగ్గు కాబోలనుకుని ఎలీసమ్మే ఇద్దరి చేతులూ కలిపింది.

తిరిగారు. మొదట బిగుసుకుని, తర్వాత జోరుగా. కోటమ్మ రెండో చేత్తో దూది లాగి ఒడిలో కుక్కుతోంది.

“లాక్కో, లాక్కో! నాకెప్పుడు మిగిల్చావు గనక!” అన్నాడు పేరయ్య.

“అడక్కుండా ఇచ్చే మనిషివైతే లాక్కునే ఖర్మేంటి?”

పిల్లలు పగలబడి నవ్వారు. పేరయ్య రెచ్చిపోయి ఇంకా వడిగా తిప్పాడు.

“మెల్లిగా మావా, పడిపోతా!”

ఒడి ముడి ఫట్‌మంది. దూది ఇంతెత్తున ఎగిరి బడంతా కమ్మేసింది. ఇద్దరూ వెల్లకిలా పడి, ఒకరినొకరు చూసుకుని, పొట్టలు పట్టుకుని నవ్వారు.

“పేలింది! పేలింది!” పిల్లలు గంతులేశారు.

“మరి రెండో చుక్క ఏమైద్దండీ?” ఆయాసపడుతూ అడిగాడు పేరయ్య.

“కట్టు తెగిపోయి ఎటో కొట్టుకుపోతుంది. ఒంటరిగా, చీకట్లోకి.”

పేరయ్య నవ్వు ఆపేశాడు. కోటమ్మ అతని మీసాల మీది దూది ఒక్కొక్క పోగే తీస్తూ కూచుంది.

బాగైన బస్సు హారను మోగింది. “మేం రావట్లేదు, నువ్వు పో!” అని పేరయ్య కండక్టరుకి కేకేశాడు. చేయీ చేయీ పట్టుకుని, తలనిండా దూదితో ఇద్దరూ వచ్చిన దారినే తమ ఊరివైపు నడిచారు.

ఎలీసమ్మ విస్తుపోయింది. “అదేంటి, వెనక్కి పోతున్నారు? అసలు వినుకొండకి ఏం పనిమీద బయల్దేరారు?”

కండక్టరు తల గోక్కున్నాడు.

“విడాకుల కాగితం రాయించుకోవాలన్నారండీ.”