మంగళవారం, మళ్లీ బుధవారం

"చచ్చినవాళ్ల మీద మీటింగులేంటమ్మా? మత్తుమందు ఎక్కువై పోయారు, అంతే కదా! నీ కమిటీకి ఇక నిధుల్లేవు," అన్నాడు కౌంటీ నిధులు చూసే కమిషనర్ ఆర్విల్.

ఆ చావులను పరిశీలించే కమిటీ నర్సు డార్లా, పేరు చెప్పకుండా చనిపోయిన ఒకరి వివరాలున్న కాగితం చదివింది.

"పోయినేడు ఈస్టర్ ముందటి సోమవారం జైలు నుంచి వదిలారు. గుర్తింపు కార్డు జైలువాళ్ల దగ్గరే ఉండిపోయింది. మంగళవారం మత్తు మాన్పించే ఆసుపత్రికెళ్తే, కార్డు లేదని పంపేశారు. బుధవారం మళ్లీ వెళ్లాడు, మళ్లీ పంపేశారు. గురువారం పోయాడు."

వెనక వరుసలోంచి నీవా అనే ఆమె లేచింది.

"వాడు నా కొడుకు. 'చేర్చుకోవట్లేదమ్మా' అని ఏడిస్తే, అబద్ధాలకోరా అని తలుపేశాను."

ఆర్విల్ తల దించుకున్నాడు.

"నావైపు చూడు ఆర్విల్! ఏడాదిగా వాణ్ణే తిడుతున్నాను. నిజమేంటో ఈవిడ తవ్వితేనే తెలిసింది. ఈ పూట కార్డు లేకుండా జైల్లోంచి ఎవరొచ్చారో ముందది కనుక్కో. నిధులు తర్వాత ఆపుదువుగాని."