తోలు చల్లబడింది

"ఇగ పోదాం బిడ్డా," అన్నాడు కొమురయ్య మూడోసారి.

నవీనకు చిరాకేసింది. తన పుట్టినరోజని తాముండే హెండర్సన్ ఊరి నుంచి నాన్నను బతిమాలి ఈ జాజ్ క్లబ్బుకు తీసుకొచ్చింది.

"సప్పుడు నచ్చకపోతే కార్ల కూసో డాడీ."

"సప్పుడు గాదు. వానకు ఆ తోలు చల్లబడ్డది. ఎంత కొట్టినా పలకదు."

వేదిక మీద బ్రెజిల్ కళాకారుడు రాఫేల్ కూడా చేతిలోని గుండ్రటి తోలు వాయిద్యాన్ని రెండుసార్లు తట్టి, విసుగ్గా ఆపేశాడు.

నవీన వారించేలోపే కొమురయ్య వేదిక దగ్గరికి వెళ్లాడు. వాయిద్యం అడిగి తీసుకొని, గోడవారనున్న హీటర్ ముందు తిప్పుతూ సెగ చూపించాడు. తోలు బిగిశాక ఒక్క దరువు వేశాడు. క్లబ్బంతా తలతిప్పి చూసింది. రాఫేల్ నవ్వుతూ దండం పెట్టాడు.

"ఎక్కడ నేర్చినవ్?" తిరిగొచ్చిన నాన్నను అడిగింది నవీన.

"మీ తాత దగ్గర. ఊర్ల డప్పు మనదే."

"తాత మేస్త్రీ అన్నవ్ గదా?"

"డప్పోళ్లమంటే హైదరాబాద్‌ల ఇల్లు కిరాయికియ్యలే బిడ్డా. అప్పటిసంది మేస్త్రీ అనే చెప్తున్న."

ఇంతసేపూ నాన్న మీదున్న కోపం ఇప్పుడెవరి మీద చూపించాలో నవీనకు తెలియలేదు. కుర్చీ ఆయన పక్కకు జరుపుకుంది.