మాట విన్న అల్లుడు

భార్య ఊళ్ళో లేని పూట నది గట్టు తెగి, నగరమంతా ముంచి, నీళ్ళు గుమ్మం దాటాయి. అప్పుడు అల్లుడు జీవితంలో మొదటిసారి అత్తగారి మాట విన్నాడు.

"ముందు ఫ్రిజ్జు మేడ మీదికి చేర్చు నాయనా. పాపం, దానికి ఈత రాదు," అంది మంచం మీంచి అత్తగారు.

"మరి మీకొచ్చా?"

"చిన్నప్పుడు ఇదే నదిని అడ్డంగా ఈదినదాన్ని. నువ్వు పద."

అల్లుడికి కొండంత ధైర్యం వచ్చింది. కొత్త ఫ్రిజ్జును వాటేసుకుని మెట్లెక్కాడు. మలుపులో అది ఇరుక్కుంది. గీత పడకుండా విడిపించి, పైకి చేర్చి, తిరిగి చూసేసరికి కింద గదిలో కప్పు దాకా నీళ్ళే.

బురద ఎత్తిపోశాక, పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ ఆ ఫ్రిజ్జులోంచే చల్లటి నీళ్ళిచ్చాడు. "ఈతొచ్చని ఆవిడే అన్నారండీ," అంటూ కళ్ళొత్తుకున్నాడు.

అందరూ వెళ్ళాక భార్య అడిగింది.

"అమ్మకి నడుం కింద చచ్చుబడిపోయి మూడేళ్ళు. రోజూ ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది మనమేగా. ఈదుతానంటే ఎలా నమ్మారు?"

"పెద్దావిడ మాట కాదంటే బాగుండదనీ..." అన్నాడు అల్లుడు, ఫ్రిజ్జు తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటూ.