నీళ్లు పోసుకున్న కోడలు

"ఏమ్మా వసుధా, నా కోడలికి కడుపని నీకెవరు చెప్పినారు?"

ధర్మవరం నుంచి దొడ్డమ్మ ఫోన్. పలకరింపుల్లేవు. విజయవాడలో, పత్రికాఫీసులో కూర్చున్న వసుధ కొత్త సంచిక తెరిచింది. పోయిన నెలే పరిచయమైన ఈ నేతగాళ్ల ఇంటి పెద్దావిడ దగ్గర రెండు రోజులుండి రాసిన యాత్రా వ్యాసం అందులో ఉంది.

"మగ్గం చప్పుడే ఈ ఊరికి గడియారం. రామాంజనేయులు పట్టుచీర నేస్తుంటే, కడుపుతో ఉన్న భార్య శైలజ పక్కన కూర్చుని తెగిన పోగులు అతుకుతోంది."

ఊళ్లు తిరిగి రాసేవాళ్లకు ఊరికో గడియారం దొరుకుతూనే ఉంటుంది. గొడవ దాని గురించి కాదు.

"మీరే చెప్పారు కదమ్మా!" అంది వసుధ.

"నేనా? యాడ చెప్తి?"

"కోడలేదని అడిగితే, నీళ్లు పోసుకుందన్నారు."

"అవును, పోసుకునింది. స్నానం తల్లీ, స్నానం! మా అనంతపురం పక్క చిన్నపిల్లోల్ని అడిగినా చెప్తారు."

"అయ్యో! ఇక్కడ నీళ్లోసుకుందంటే నెల తప్పిందని."

దొడ్డమ్మ గొంతు లేచింది. ఇక ఆగలేదు.

"మీ మాటలు పాడుగాను! ఏడేండ్లయినా దానికి పిల్లల్లేరు, నా కొడుక్కి పెనుకొండలో ఇంకో పిల్లను చూస్తాండామని నీకు చెప్తి కదా! ఆ పిల్ల నాయన నరసింహులు నీ రాత చదివినాడు. కడుపుతో ఉండే ఆడబిడ్డ ఉసురు మాకొద్దనేసె. కాదప్పా, అది తప్పు రాత అంటే నమ్మల్యా. అచ్చులో ఉండాది కదా అంటాడు!"

"వచ్చే సంచికలో సవరణ వేస్తానమ్మా."

"వేసి ఏం లాభం? ఆ పిల్లకు వేరే సంబంధం కుదిరిపాయ. ఇంక మాకెవరిస్తారు?"

"మరి శైలజ?"

"ఏముండాది? పుట్టింటికి పోను మూట కట్టుకునింటే, దాని మొగుడే విప్పేసినాడు. ఇద్దురూ మగ్గం కాడ నవ్వుకుంటాండారు."

వసుధ గొంతు తగ్గించింది.

"మాట తేడాతో వచ్చిన పొరపాటమ్మా. ఏమీ అనుకోకండి."

"ఇంకోసారి రాసేముందు మా మాటలు నేర్చుకో తల్లీ," అని దొడ్డమ్మ ఫోన్ పెట్టేసింది.

వసుధ సవరణ రాసి ఎడిటర్‌కి ఇచ్చింది. ఆయన చదివి తల కొట్టుకున్నాడు.

"కనీసం పక్కనున్నవాళ్లనైనా అడగొచ్చు కదమ్మా, ఆ మాటకి అక్కడ అర్థమేంటని!"

"అవును సార్," అంది వసుధ తల వంచుకుని.

ఆమె పుట్టి పెరిగింది ఆ అనంతపురం పక్కే, హిందూపురంలో.