పదకొండో ఐటెం

“మా చిన్ను ఆట మొదాలు పెట్టియ్యుండ్రి మేడం. గంతే, ఒక్క ఆట.”

సాయన్న అలా అడగడం అది మూడోసారి. సుష్మకు ఒక చేతిలో ఐటెంల చీటీ, ఇంకో చేతిలో మైకు. ముందు నాలుగు వందల కుర్చీలు, వెనక రంగులు పూసుకుని తోసుకుంటున్న అరవై మంది పిల్లలు. బోధన్‌లోని ఆ ప్రైవేటు బడికి అది వార్షికోత్సవం. సుష్మకు మాత్రం అది ఎప్పుడు గట్టెక్కుతుందా అన్నట్టుంది.

“తాతా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ముందు దీపం వెలిగిస్తరు. తర్వాత నాగేందర్ సార్ ఏడాది రిపోర్టు చదువుతడు. తర్వాత ముఖ్య అతిథి మాట్లాడుతడు. అప్పుడు పిల్లల ఆటలు. నీ మనవరాలిది పదకొండో ఐటెం.”

“గదంటే ఎన్ని గొట్టంగ అయితది?”

“ఏడు దాటుతది.”

సాయన్న చేతిలోని చిన్న ఫోను వంక చూసుకున్నాడు. “ఆరు గొట్టేవరకు మేం ఇంటికాడ ఉండాలె మేడం. పెట్టె వస్తున్నది.”

ఓహో, అదా సంగతి, అనుకుంది సుష్మ. చిన్ను తండ్రి రంజిత్ మూడేళ్లుగా మస్కట్‌లో పని చేస్తున్నాడు. ఆ జిల్లాలో పుట్టినదానికి గల్ఫ్ పెట్టె గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. చాక్లెట్లు, పాలపొడి డబ్బాలు, మెత్తటి దుప్పట్లు కూరి కార్గోలో పంపుతారు. పెట్టె దిగిన ఇంట్లో ఆ రోజు పండుగే.

పక్కనే నెమలి వేషంలో ఉన్న చిన్ను కాలు నిలవడం లేదు. “అమ్మకు జరమొచ్చింది టీచర్, అందుకే రాలే. వారం సంది నేను ఈడ అత్తమ్మ ఇంట్లనే ఉంటున్న. ఇయాల ఇంటికి పోతం. బాపుకు నేను లైట్ల బూట్లు పంపమని చెప్పిన.”

“కార్గోవాళ్లు పెట్టె ఇంట్ల దించిపోతరు కదా తాతా,” అంది సుష్మ. “ఎవరు సంతకం పెట్టినా ఇస్తరు.”

“పిల్ల ఉండాలె మేడం. ఇది లేకుంటె ఎట్ల?”

“మరి ఇప్పుడే తీస్కపో. వచ్చే ఏడు ఆడుతది.”

“వచ్చే ఏడు సంగతి ఎవలకెరుక? నెల సంది నేర్సుకున్నది. ఆడినంకనే తీస్కపోత.”

ఆటనూ వదలడు, పెట్టెనూ వదలడు. ముసలాయనది ఉడుంపట్టు అనుకుని సుష్మ వేదిక మీదికి వెళ్లిపోయింది.

ప్రిన్సిపాల్ నాగేందర్ సార్ రిపోర్టు పద్దెనిమిది పేజీలు. అబాకస్‌లో రాష్ట్రస్థాయి మూడో బహుమతి, కరాటేలో ఆరు పసుపు బెల్టులు, శ్రీరామసాగర్ విహారయాత్ర, చెరకు పిప్పితో బల్బు వెలిగించిన తొమ్మిదో తరగతి పిల్లలు, బడి చుట్టూ నాటిన రెండు వందల మొక్కలు. ఆ మొక్కల్లో సగం బడి పక్కింటి నర్సన్న మేకల పాలైన సంగతి మాత్రం రిపోర్టులో లేదు. పేజీ పేజీకీ చప్పట్లు కొట్టించే పూచీ సుష్మది.

మూడో పేజీ దగ్గర సాయన్న ఫోను మోగింది. తెర పక్కకు వచ్చి నిలబడ్డాడు. “బండి ఇందల్వాయి టోల్ దాటిందట మేడం.”

ఆరో పేజీ దగ్గర మళ్లీ మోగింది. “డిచ్‌పల్లి దాటిందట.”

పెట్టెకేమన్నా కాళ్లున్నాయా, దించినాక లేచి పారిపోతుందా? ఆ మాటే అందామని సుష్మ తలెత్తింది. మాట అయిపోయినా ఫోను చెవి నుంచి దించకుండా అతను చిన్ను వంకే చూస్తున్నాడు. ఆ చూపు చూశాక కోపం నిలవలేదు. పాపం, మనవరాలి ఆట చూడాలని ఎంత ఆశ పెట్టుకున్నాడో.

తొమ్మిదో పేజీలో సార్ మంచినీళ్ల కోసం ఆగాడు. సుష్మ గుండె దిటవు చేసుకుంది.

“సార్ దమ్ము తీసుకునేలోపు మూడో తరగతి చిన్ను నెమలి ఆట చూద్దాం,” అని మైకులో అనేసింది.

నాగేందర్ సార్ గ్లాసు అంచు మీది నుంచి ఆమెను కొరకొరా చూశాడు. రేపు ఆఫీసు గదిలో అక్షింతలు తప్పవు.

చిన్ను ఆడింది. అట్ట పింఛం విప్పుకుని గిర్రున తిరిగింది. మధ్యలో ఒక ఈక ఊడి పడితే కాలితో పక్కకు నెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ నవ్వింది. పద్దెనిమిది పేజీలకూ రావలసిన చప్పట్లు ఆ ఒక్క నవ్వుకే వచ్చాయి. సాయన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. తెర అంచు గట్టిగా పట్టుకుని, కన్నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోకుండా చూస్తున్నాడు. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుంది సుష్మ. ఆమెకూ కళ్లు చెమ్మగిల్లాయి.

“టీచర్, రేపు మీకు సాక్లెట్లు తెస్త,” అంటూ చిన్ను చెప్పులు వెతుక్కోవడానికి పరుగెత్తింది.

సాయన్న రెండు చేతులూ జోడించాడు. “శాన పుణ్యం కట్టుకున్నవు బిడ్డా.”

అంతవరకూ మేడం అన్నవాడు బిడ్డా అనేసరికి సుష్మకు మనసు తేలికైంది. నవ్వుతూ అంది. “పుణ్యం కాదు తాతా, నీ కోసం సార్‌తోని తిట్లు పడాలె నేను. ఆ పెట్టెల నుంచి నాకు ఒక సెంటు సీసా తీసిపెట్టు మరి.”

సాయన్న చిన్ను వెళ్లిన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“అండ్ల సెంటు సీసాల్లేవు బిడ్డా. నా కొడుకున్నడు.”