మొదటి మాట చాలు

ప్రొద్దుటూరులోని ఆ ఆస్పత్రిలో పొద్దుటి నుంచి సర్వర్ కదలడం లేదు. బిల్లుల కిటికీ దగ్గర జనం అరుస్తున్నారు.

సర్వర్ చూసే సుధన్వ తెర తెరిచాడు. నడుస్తున్న పనులన్నీ వరుసగా కనిపించాయి. ఐదు వరుసల్లో మొదట ఒకటే మాట: పైథాన్, ఆ ప్రోగ్రాములను నడిపే భాష పేరు.

"ఒకే పని ఇన్నిసార్లు ఎందుకు?" అని కిందున్న రెండిటిని ఆపేశాడు.

బ్లడ్ బ్యాంకు షాకీర్ వెనకే ఉన్నాడు.

"అన్నా, నీకు కనపడేది మొదటి మాటే. పూర్తి వరుస తెరువు. యాది ఏం పని చేస్తాందో తెలుస్తాది."

"పొడుగు వరుసలతో తెరంతా చెత్తయితాది. మొదటి మాట చాలు."

సర్వర్ కదిలింది. సుధన్వ కాలు మీద కాలేసుకున్నాడు.

"సింధూ వదిన ఎట్లుండాది?" అని షాకీర్ సుధన్వ భార్య గురించి అడిగాడు.

"నెలలు నిండినాయి. వేలమందిలో ఒకరికుండే ఆ బొంబాయి గ్రూపు రక్తమే దిగులు."

"మనిషి దొరికినాడు గదన్నా, ఇంగేం దిగులు?"

"ఎవరప్పా?"

"పేరు చెప్పకూడదు. కబురు పెడితే గంటలో ఈడుంటాడు."

రెండు రోజుల తర్వాత సర్వర్ గది తలుపు దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. చెప్పులకు గొర్రె పెంట. తెల్లటి బండల మీద అడుగులు పడ్డాయి.

"ఎవరప్పా నువ్వు?"

"చెన్నకేశవ అంటారు సార్. ఆస్పత్రి ఫోను..."

"నీ పేరుతో నాకేం పని? ముందు ఆ పెంట తుడువు."

ముసలాయన భుజం మీది టవాలు తీసి బండలు తుడిచాడు.

"ఇప్పుడు చెప్పు."

"రోజూ పొద్దున మిషను ఫోను చేస్తాది సార్. ఒళ్లు బాగుండాదా, దగ్గరనే ఉండావా అని అడుగుతాది. ఉంటే ఒకటి నొక్కమంటాది. నొక్కుతాంటి. మొన్నట్నుంచి రాలేదు."

"నీకేం జబ్బు?"

"జబ్బేం లేదు సార్."

"మరి ఫోనెందుకు చేస్తారు?"

"అది ఎవరికీ చెప్పొద్దన్నారు."

సుధన్వ పగలబడి నవ్వాడు. "గొర్రెలు కాసేటోనికి గుట్టు గూడానా!"

"మావోళ్లు మందను తోలుకొని పెండ్లిమర్రి కొండలకు పోయినారు. ఆడ సిగ్నలు రాదు. ఆ ఫోను కోసరం ఎర్రగుంట్లలో నేనొక్కడినే నిలబడినా. ఇంగ నాతో పని ఉందా సార్?"

ఉచిత వైద్య శిబిరాలకు వచ్చినవాళ్లను పలకరించే ఫోనై ఉంటుందని సుధన్వ అనుకున్నాడు. పనికిరానిదే ఆపానని సంతోషించాడు కూడా.

"ఆ ఫోను నేనే ఆపినా. నీతో పని తీరిపోయింది. పో."

ముసలాయన కదల్లేదు. "అయితే ఆ తల్లి బాగుండాదా సార్?"

"ఏ తల్లి?... ఆ, బాగుండాది. పోవయ్యా!"

ముసలాయన ముఖం వెలిగింది. రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. టవాలు తలుపు దగ్గరే మరిచాడు. సుధన్వ దాన్ని కాలితో తన బల్ల కిందికి తోశాడు. కాళ్లు తుడుచుకోవడానికి పనికొచ్చింది.

వారం తిరక్కుండానే సింధూకు కాన్పు కష్టమైంది. రక్తం ఆగలేదు.

షాకీర్ దాతకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. అందుబాటులో లేదు.

"ఊరు దాటితే మిషన్ మాకు చెప్పల్లనే! ఒకటి నొక్కకుంటే వెంటనే మెసేజ్ వస్తాది."

"రాలేదా?"

"ఫోనే పోకుంటే మెసేజ్ యాడిదన్నా?"



సాయంత్రానికి సింధూ పోయింది. బిడ్డ మిగిలింది.

సుధన్వ సర్వర్ గదిలోకి వచ్చాడు. పనులు ఆపిన రోజు తెర మీద ఏముందో పాత రికార్డు తీశాడు. ఇన్నాళ్లూ ముట్టని మీట నొక్కాడు. మొదటి మాట దగ్గర తెగిపోయిన వరుసలు ఆ చివరి దాకా పరుచుకున్నాయి.

ల్యాబు. మందులు. బిల్లులు. శిబిరం ఫోన్లు.

కాళ్ల కింది టవాలు మీద నిలబడే ఐదో వరుస చదివాడు: పైథాన్, రోజూ ఫోను, బొంబాయి గ్రూపు, రోగి సింధూ, దాత చెన్నకేశవ.